దండు విడిచి ఊరు చేరినవారు



ఎవరి స్మృత్యర్థమై ఈ యుపన్యాసము నెలకొల్పబడినదో ఆ సుబేదారుగారు తాము దండులో గడపిన కాలమునుగూర్చి అడిగిననేగాని చెప్పెడివారు కారు. వీధి అరుగుమీద కూర్చుండి, పింఛను రాని యే వితంతువు వచ్చినను ఆమె కొంగున తెచ్చిన కాగితములమూట విప్పి, అర్జీ వ్రాసి, కవరుమీద చిరునామా సైతము తామే గుండ్రని అక్షరములతో వ్రాసి యిచ్చెడివారు. కావున వీరగాథలు చెప్పుటకంటె, యుద్ధము ముగిసిన పిదప సైనికుని యింట ఏమి జరిగినదను చరిత్రమును విన్నవించుటయే వారికి తగిన నివాళియని తలంచితిని. సైనికుని పంపునది రాజ్యమేయైనను, అతనిని తిరిగి కలుపుకొనవలసినది ఊరు. ఊరు కలుపుకొననినాడు, పింఛను నెలనెల వచ్చుచున్నను, అతడింకను దారిలోనే యున్నాడని నా యభిప్రాయము.

రాయలసీమయందును, దాని నానుకొనిన కన్నడసీమయందును, పొలిమేరలలో నేటికిని వీరగల్లులు నిలిచియున్నవి. శత్రువులు తోలుకొనిపోవు పసులను మరల్చుటకో, ఊరిని కాచుటకో పోరి కూలినవాని రూపము రాతిపై చెక్కించి, వాని కుటుంబమునకు నెత్తురుమాన్యముగా కొంత భూమి నిచ్చెడివారు. రాయి ఊరి పొలిమేరలోనే, మాన్యము ఊరి పొలములోనే యుండుటచే, ఆ ఋణము ప్రతిదినము అందఱి కన్నుల యెదుట మెలగెడిది. కాని ఆ శిలలు కూలినవానిగూర్చి పలికినంతగా, కాలో చేయో పోగొట్టుకొని బ్రదికి వచ్చినవానిగూర్చి పలుకవు. ఈ కొఱత పిమ్మటి శతాబ్దములలోను మనల వెన్నాడినది.

కుంఫిణీవారి మద్రాసు సైన్యమున తెలుగువారు విశేషముగా చేరిరి. సిపాయి భార్యాబిడ్డలు పటాలము వెంటనే నడచి, దాని లైన్లలోనే కాపురముండుట ఆ సైన్యమునకు చిరకాలపు వాడుక. 1824లో బర్మా యుద్ధమునకు ఓడలెక్కినప్పటివలె పురుషులు సముద్రము దాటవలసి వచ్చినపుడు స్త్రీలు వెనుక నిలిచిపోయిరి. ఎడబాటు, నిరీక్షణ, జీతములో ఇంటికి చేరవలసిన పాలుకై ఎదురుచూపు, ఇవన్నియు ఆనాటినుండియు ఉన్నవే. 19వ శతాబ్దాంతమున, కొన్ని జాతులు మాత్రమే యుద్ధమునకు తగినవను సిద్ధాంతము దొరలలో ప్రబలి, తెలుగువారి చేరికను బాగుగా తగ్గించెను. తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన ఒక జీవనమార్గము అట్లు మూసుకొనిపోవుట యెంతటి అన్యాయమో, ఆ మూతపడిన యిండ్లవారికేగాని యితరులకు తెలియదు.

1914లో మహాసంగ్రామము రాగా ఆ సిద్ధాంతము సడలెను, మనుష్యులు కావలసివచ్చిరి. యుద్ధానంతరము 1919లో సైనికుల క్షేమము విచారించుటకు ఒక కేంద్రమండలి యేర్పడెను. నేటి కేంద్రీయ సైనిక బోర్డునకును, జిల్లాలలోని సైనిక సంక్షేమ కార్యాలయములకును మూలమదియే. పంజాబు సిపాయిలకు కొత్త కాలువల క్రింద భూములు దక్కినవి. మన గోదావరిసీమలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమునకు మిలిటరీ మాధవరమని పేరే స్థిరపడినది. అచ్చటి స్మారకచిహ్నము ఊరి సైనికులను నేటికిని స్మరింపజేయుచున్నది. అచ్చట సెలవుపై వచ్చిన సిపాయి వింతమనిషి కాడు. అతని మౌనమును సహించుట యెఱిగిన పొరుగువాడు ప్రక్కయింటనే యుండును. ఇట్టి ఊళ్లు మనకు అరుదు.

రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యము 25 లక్షలకు పెరిగి, యుద్ధము ముగియగానే లక్షలాది జనము తగరపు పెట్టెలతో రైళ్లు దిగిరి. అమెరికావారు 1944లోనే శాసనము చేసి, తిరిగివచ్చినవారికి చదువును, ఇంటి ఋణమును కల్పింపగా, పరప్రభుత్వము క్రిందనున్న మనకు అంతటి యేర్పాటు లభింపలేదు. స్వాతంత్ర్యానంతరము 1949నుండి డిసెంబరు 7వ తేదీని సాయుధదళాల పతాకదినముగా జరుపుచున్నాము. 2003లో మాజీ సైనికుల వైద్యపథకము వచ్చెను. ఒకే హోదాకు ఒకే పింఛను కావలెనని దీర్ఘకాల మడిగి అడిగి, తుదకు వృద్ధులు ఢిల్లీలో దీక్షలకు కూర్చుండగా, 2015లో గాని అమలు ఉత్తర్వు వెలువడలేదు.

ఇక ఇంటి సంగతి. జవాను నలుబదియేండ్లు నిండకముందే తిరిగివచ్చును. అప్పటికి బిడ్డలు ఉన్నతపాఠశాలలో నుందురు; పొలము అన్నదమ్ముల సాగులో నుండును; అతడు దండులో నున్నన్నాళ్లు అప్పులు తీర్చి, అత్తమామలను సాకి, బడిలో సంతకములు చేసిన యిల్లాలు తన నిర్ణయములు తాను చేసికొనుట కలవడియుండును. ఆజ్ఞకు అలవడిన అతనికిని, స్వతంత్రతకు అలవడిన ఆమెకును నడుమ తొలియేడు కష్టముగా నడచుట సహజము. దానిని కాపురము చెడినదని ఊరు చెవులు కొఱుకుకొనుట సహజము కాదు, క్రౌర్యము.

మఱియొక చిక్కు చూడుడు. జవాను దండులో చేరిననాడు గుమాస్తా, అతని ఇంటిపేరు ముందో వెనుకో తెలియక, తోచినట్లు వ్రాసికొనును. పెండ్లియైన పిదప భార్యపేరు పుట్టింటివారు పిలుచు ముద్దుపేరుగా రికార్డు కెక్కును, ఆధారులో పూర్తిపేరుండును, బ్యాంకులో ఇంటిపేరు పొట్టియక్షరమై పోవును. ఆయన యున్నంతకాలము ఎవరికిని అడ్డురాని యీ మూడు పేర్లు, ఆయన పోయిన మఱునాటినుండి ముగ్గురు స్త్రీలై ఆమె కుటుంబపింఛనును ఆపివేయును. నేనెఱిగిన యొకామె ఒక యక్షరము భేదమునకై అఫిడవిట్లు పట్టుకొని ఆఫీసులచుట్టు తిరుగుచు, ఆ నెలలన్నియు కూలికి పోయినది. ఆయన దండు విడిచి వచ్చిననాడే డిశ్చార్జి కాగితములును, పింఛను ఉత్తర్వును, ఆధారును ఒక్కచోట పెట్టి సరిచూచిన పొరుగువాడొకడున్న ఆ కూలి తప్పియుండెడిది.

2022లో ఆరంభించిన అగ్నిపథమను సైనిక నియామక పథకముతో ఈ చరిత్రము క్రొత్త మలుపు తిరిగినది. నాలుగేండ్ల సేవానంతరము నూటికి 25గురి వఱకే సైన్యమున నిలుపుకొని, తక్కినవారిని సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి పంపుదురు; వారికి పింఛను లేదు. ఇరువదినాలుగేండ్ల యువకుడు, పెండ్లికాక, డిగ్రీ లేక, చేతిలో ఒక్కసారిగా పెద్దమొత్తముతో ఊరు చేరును. ఆ సొమ్ముకై చిట్టీలవారును, స్థలములవారును, అప్పడుగు బంధువులును ముందే కాచుకొనియుందురు. ఇట్టి యువకుల జాబితాను జిల్లా కార్యాలయమునుండి ఇప్పుడే తెప్పించి, మండలమున కిద్దఱు మాజీ సైనికులును, ఒక సైనికుని భార్యయు కలిసి ఆ యిండ్లకు పోయి, తల్లిదండ్రులతో మాటలాడి రావలెనని ఈ సభను అర్థించుచున్నాను. పేర్లీయ దలచినవారు సభానంతరము కార్యదర్శిగారివద్ద వ్రాయించవచ్చును.