పాత గొలుసు రంపములు: మరమ్మతు, వాడకము
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కకు మించి కూలిపోయిన సంగతి మీలో చాలామంది కండ్లారా చూచినదే. దారులకు అడ్డముగా, ఇండ్ల మీద, బావులలో, ఎటు చూచినా మ్రానులే. గొడ్డలితో పూటంతా కొట్టవలసిన మ్రానును గొలుసు రంపము కొద్ది నిమిషములలో కోసివేస్తుంది. అందుచేత ఆ రోజులలో, సాలలోను అటకల మీదను ఏండ్ల తరబడి పడియున్న పాత రంపములను కూడ రైతులు బయటికి తీసినారు. పాత రంపములను సేకరించి బాగుచేయుట నాకు చాలాకాలముగా ఉన్న అలవాటు గనుక వాటిలో కొన్ని నా వద్దకు వచ్చినవి. ఆ అనుభవముతో నాలుగు మాటలు మీకు చెప్పదలచినాను.

ఈ రంపము పుట్టుక

జర్మనీ దేశములో ఆండ్రియాస్ స్టిల్ అను ఇంజనీరు 1926లో కరెంటుతో నడిచే రంపమును, 1929లో పెట్రోలుతో నడిచే రంపమును తయారుచేసినాడు. ఈ రెండవ దాని బరువు సుమారు 46 కిలోలు. ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టితేనే పని జరిగేది. 1959లో వచ్చిన 'కాంట్రా' అను రంపము సుమారు 12 కిలోలు మాత్రమే. ఒక్క మనిషి దానిని మోసికొని తోటంతా తిరుగగలడు.

గొలుసు పన్ను కథ మరింత వింతైనది. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రములో చెట్లు కొట్టే పని చేసిన జోసెఫ్ కాక్స్, 1946లో ఒక మొద్దును తొలుస్తున్న పురుగును గమనించినాడు. నిలువు నారను, అడ్డు నారను కూడ అది సులువుగా తొలుచుకొని పోతున్నది. దాని దవడల వాటమును చూచి ఆయన గొలుసుకు పన్ను చేసినాడు. నేటి గొలుసులన్నీ ఆ వరుసలోనివే. మామిడి కాండము తొలిచే పురుగును మనము తిట్టుకొంటాము గాని, అటువంటి పురుగే మనకు ఈ పనిముట్టును నేర్పినది.

కొనే ముందు చూడవలసినవి

పాత ఎద్దును కొనే ముందు పళ్ళు, గిట్టలు చూస్తాము గదా. పాత రంపమునకు కూడ పరీక్షలు ఉన్నవి. ఇంజను ఆపియుండగా స్టార్టరు తాడు పిడి పట్టుకొని రంపమును మెల్లగా పైకెత్తండి. అది ఆగి ఆగి దిగితే సిలిండరులో పట్టు ఉన్నట్లు. ఒక్కసారిగా జారిపోతే రింగులో పిస్టనో అరిగినట్లు. తరువాత సైలెన్సరు విప్పి, ఆ రంధ్రములోనుండి పిస్టనును చూడండి. నున్నగా ఉంటే మంచిది. నిలువు గీతలు పడియుంటే, నూనె చాలక కాలినదని తెలిసికొని దాని జోలికి పోకండి. గొలుసు తిరిగే పొడవైన పట్టీని బారు అంటారు. దాని అంచులు రెండును సమముగా ఉండవలెను.

ఒకే రకము రంపములు రెండు దొరికితే రెండవదానిని సామాను కొరకు ఉంచుకొనండి. పాత ఇనుము కొట్టులో ఇవి తూకమునకు పోతున్నవి. ఒకసారి కరిగించిన తరువాత ఆ సామాను మరల దొరకదు. నంబరు రేకు మీద మాత్రము రంగు వేయకండి. సరియైన సామాను వెదకుటకు ఆ నంబరే ఆధారము.

మరమ్మతు

ముందు గాలి ఫిల్టరు కడగవలెను. తరువాత ప్లగ్గు తీసి మసి తుడిచి, సందు 0.5 మి.మీ. ఉంచవలెను. పాత రంపములలో నిప్పురవ్వ పాయింట్ల ద్వారా వస్తుంది. ఏండ్ల తరబడి వాడనందున వాటికి చిలుము పడుతుంది. గట్టి కాగితమును పాయింట్ల నడుమ పెట్టి లాగితే చాలావరకు పోతుంది. పాయింట్ల సందు చాలా రంపములలో 0.35 నుండి 0.4 మి.మీ. ఉంటుంది.

కార్బురేటరులోని డయాఫ్రం పొరను, పెట్రోలు గొట్టమును తప్పక మార్చవలెను. నేడు మన బంకులలో వచ్చే పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు దీనికి తట్టుకొనలేదు. ఇథనాలు తేమను కూడ పీల్చుకొంటుంది. కనుక పని ముగియగానే టాంకిలోని పెట్రోలును వంపివేసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడపవలెను.

ఈ ఇంజనుకు వేరే నూనె గది లేదు. పెట్రోలులో కలిపిన టూ-టి ఆయిలే దానికి ప్రాణము. పాత రంపమునకు లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిలు, అనగా 25కు 1 పాలు కలిపితే మంచిది. బారుకు, గొలుసుకు వేరే నూనె కావలెను. ఇంజనులోనుండి తీసిన నల్ల ఆయిలును అందులో పోయకండి. దానిలోని ఇనుప రజను నూనె పంపును తినివేస్తుంది.

గొలుసుకు పదును

మంచి పదును ఉన్న గొలుసు కొయ్యను పేళ్ళు పేళ్ళుగా విసురుతుంది. పిండి వంటి పొట్టు రాలితే పదును పోయినదని గుర్తు. అప్పుడు బలముగా నొక్కితే ఇంజను వేడెక్కి చెడుతుంది. గుండ్రని ఆకురాయితో లోపలనుండి బయటికి, ఒకే దిక్కుగా, ప్రతి పంటికి సమానముగా మూడు నాలుగు సార్లు రాయవలెను. పెద్ద పాత రంపముల గొలుసులకు సాధారణముగా 5.5 మి.మీ. ఆకురాయి సరిపోతుంది. కొబ్బరి మ్రానుకు చేవ అంచుననే ఉంటుంది. దానికి ఇసుక కూడ అంటియుంటే గొలుసు త్వరగా మొద్దుబారుతుంది. కోసే ముందు మట్టి దులపండి.

నేను మరచిన మాట

ఇంతవరకు చెప్పినదంతయు నాకు ఆనాటికే తెలుసు. తుపాను తరువాత ఒక పాత రంపమును రెండు రాత్రులు కూర్చుండి బాగుచేసి, ఒక యువ రైతు చేతికి ఇచ్చినాను. ఒక్క లాగుకు స్టార్టు అయినది. నాకు గర్వముగా కూడ ఉండినది. మరునాడు అతడు పడిన కొబ్బరిని కోస్తుండగా, మట్టల క్రింద కనపడని మరొక మ్రానుకు బారు ముక్కు పైభాగము తగిలినది. రంపము ఒక్క ఉదుటున వెనుకకు లేచి అతని ఎడమ భుజమును చీల్చినది. ప్రాణము దక్కినది గాని, ఆ చేయి ఈనాటికీ పూర్తిగా పైకి లేవదు.

ఆ రంపమునకు గొలుసు బ్రేకు లేదు. ముందు పిడి ఎదుట ఉండే అడ్డు కమ్మికి చేయి తగలగానే గొలుసును పట్టి ఆపే బ్రేకు 1970 తరువాతనే రంపములకు వచ్చినది. అంతకు ముందు వాటిలో చాలావాటికి ఆ అడ్డు కూడ లేదు. ఈ సంగతి నాకు తెలుసు. అతనికి తెలియదు. ఇంజను బాగుచేసిన నేను ఆ ఒక్క మాట చెప్పలేదు.

అందుచేత పాత రంపమును చేతికి తీసికొనగానే మొదట చూడవలసినది బ్రేకు. అడ్డు కమ్మిని ముందుకు తోస్తే టక్కుమని పడి, గొలుసు బిగిసిపోవలెను. అట్లు కాకపోతే దానిని మీ వద్ద దాచుకొనండి, పిల్లలకు చూపండి, నెలకొకసారి నడిపి ఆనందించండి. ఎక్కువలో ఎక్కువ, ఎత్తుబల్ల మీద బిగించిన దుంగను బారు నడిమి భాగముతో కోయుటకు వాడండి. నిలిచిన చెట్టును పడగొట్టుటకు, కొమ్మల నడుమ కోయుటకు, తుపానులో వంగి బిగిసియున్న మ్రానులకు దానిని వాడనే వాడకండి. ఎవరికీ ఎరువు ఇవ్వకండి.

బ్రేకు ఉన్నను బారు ముక్కుతో కోయరాదు. రంపమును భుజము కంటె ఎత్తున పట్టరాదు. నిచ్చెన మీదనుండి కోయరాదు. కండ్లకు అద్దములు, చెవులకు మూతలు, కాళ్ళకు తోలు బూట్లు ఉండవలెను. పాత రంపములకు అదురు ఎక్కువ. గంటల తరబడి పట్టితే వేళ్ళు తెల్లబారి తిమ్మిరెక్కుతవి. కావున కొంతసేపు కోసి, కొంతసేపు విశ్రాంతి తీసికొనండి. పనిలో ఒంటరిగా ఉండకండి. మరియొక సంగతి: 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము సొంత భూమిలోని చెట్టునైనను అనుమతి పొందియే కొట్టవలెను. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. ముందుగా అటవీ శాఖవారిని అడిగి తెలిసికొనండి.

వయసు మళ్ళిన ఎద్దును మనము కాడికి కట్టము. సాలలో ఉంచి మేపుతాము, దానికి తగిన చిన్న పని చెప్పుతాము. పాత రంపమును కూడ అట్లే ఆదరించండి. దానిని మరొకరి చేతికి ఇచ్చే ముందు, దానికి ఏమి లేదో ఆ మాట తప్పక చెప్పండి.