కరగడమే లక్క బలం



లక్క ఇల్లనగానే మనకు భారతం గుర్తొస్తుంది. పాండవుల్ని కాల్చేయడానికి దుర్యోధనుడు ఏరికోరి లక్కతో ఇల్లు కట్టించాడంటే, అది నిప్పుకు ఎంత త్వరగా లొంగుతుందో ఆనాటివాళ్లకు బాగా తెలుసన్నమాట. కథలో అది ప్రాణాల మీదికి తెచ్చిన గుణం. పనివాడి చేతిలో మాత్రం ఆ లొంగుబాటే లక్కకు విలువ తెచ్చింది. ఈ సాయంత్రం నేను చెప్పేది దాని గురించే.

మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మలను వేలాది చిన్న పురుగులు పట్టుకుని రసం పీలుస్తాయి. తమను కాపాడుకోవడానికి ఒంటిమీద జిగురు ఊరిస్తాయి. అది గట్టిపడి కొమ్మ చుట్టూ పెచ్చు కడుతుంది. అదే లక్క. ఈ పంట ఎక్కువగా పండేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క కోసమే 1924లో పరిశోధన సంస్థ పెట్టారు.

పెచ్చును గీకి, నలగ్గొట్టి, రంగూ మురికీ పోయేలా కడిగితే గింజ లక్క వస్తుంది. పాత పద్ధతిలో దాన్ని పొడుగాటి గుడ్డసంచిలో పోసి, నిప్పుల సెగకు పట్టి, సంచిని మెలిపెడతారు. కరిగిన లక్క బయటికొస్తుంది. వేడిమీదే పల్చని రేకులా సాగదీసి, చల్లారాక విరిస్తే బజారులో దొరికే పొరల లక్క, అంటే షెల్లాక్, తయారు.

ఈ ఎండు పొరల్ని పనిలోకి దింపడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి వేడి, రెండోది స్పిరిట్. నీళ్లలో అది కరగదు.

వేడి దారి మన జిల్లాలోనే చూడొచ్చు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. అక్కడ పొయ్యి అక్కర్లేదు. ఒరిపిడికి పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో అదిమి రుద్దితే మెరుపు తేలుతుంది. పసుపు, జాఫ్రా, నీలిమందు లాంటి సహజమైన రంగుల్ని ఈ పనిలో నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులదీ ఇదే సూత్రం. లక్కను సెగకు మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి తగ్గకముందే రాళ్లు అదుముతారు.

ఫ్యాక్టరీలూ ఈ గుణాన్నే వాడుకున్నాయి. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులు లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడి అచ్చులో నొక్కినవే. మన నాటక పద్యాలు ఇంటింటికీ చేరింది వాటిమీదే. కరెంటు సామాను పెరిగేసరికి ఇన్సులేషన్‌కు లక్క చాలలేదు. దానికి బదులు వెతుకుతూనే అమెరికాలో బేకలాండ్ అనే రసాయనవేత్త 1907లో బేకలైట్ కనిపెట్టాడు. పాత నల్ల స్విచ్చులు దానితో చేసినవే. బేకలైట్ ఒకసారి బిగుసుకుంటే మళ్లీ కరగదు, పగిలితే పారేయాల్సిందే. లక్క మళ్లీ కరుగుతుంది. అలాగని అదేపనిగా కాచకూడదు. అతిగా కాగితే అదీ కరగని ముద్దైపోతుంది.

ఇక స్పిరిట్ దారి వడ్రంగులది. లీటరు స్పిరిట్‌కు పావుకిలో పొరలు వేసి రాత్రంతా నాననిస్తే పాలిష్ సిద్ధం. గుడ్డలో దూది చుట్టి, పల్చగా, పూత మీద పూత రుద్దాలి. స్పిరిట్ ఆరిపోతుంది, లక్క మిగులుతుంది. కొత్త పూతలోని స్పిరిట్ పాత పూతను కాస్త కరిగిస్తుంది కాబట్టి రెండూ ఏకమవుతాయి. పని చేసేచోట పొయ్యీ బీడీ ఉండకూడదు. ముసురు పట్టిన రోజుల్లో పూత తెల్లబారుతుంది, పొడి రోజు చూసుకోండి. పొరలుగా ఉన్న లక్క చాలాకాలం నిలవుంటుంది. స్పిరిట్‌లో కలిపి నెలల తరబడి ఉంచితే మాత్రం పూశాక సరిగా ఆరదు. అందుకే కావలసినంతే కలుపుకోవాలి.

దాని బలహీనతలూ చెప్పాలి. వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది, నీళ్లు నిలిస్తే తెల్లని వలయం వస్తుంది. అన్నాలు తినే బల్లకు, వాకిలి తలుపుకు ఇది పనికిరాదు. వాటికి వార్నిషే మేలు.

ఇంట్లో తాతల నాటి కుర్చీయో ఉయ్యాల బల్లో మెరుపు పోయి ఉంటే, గీకించే ముందు ఒక పరీక్ష చేయండి. కనబడని మూల స్పిరిట్ తడిపిన దూదితో రుద్దండి. జిగటగా అయితే అది చాలావరకు లక్క పాలిషే. దుమ్మూ జిడ్డూ తుడిచి, పల్చగా రెండు పూతలు వేయిస్తే సరిపోతుంది. చెక్కను గీకి అరగదీయాల్సిన పనుండదు, ఖర్చూ తగ్గుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.