వెతికింది ఇక్కడ, దొరికింది ఎక్కడిది?



పాముకాటుకు ప్రథమ చికిత్స గురించి మీరు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో వెతికారనుకోండి. మొదటి వరుసల్లోనే ఆస్ట్రేలియా వెబ్‌సైటు రావచ్చు. ఎందుకు? సెర్చ్ ఇంజిన్ మీరున్న చోటును గమనిస్తుంది. కానీ పేజీ భాష, అందులోని మాటలు, ఇతర సైట్ల నుంచి దానికున్న లింకులు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చిరునామా చివర 'డాట్ ఇన్' ఉంటే భారత్‌కు, 'డాట్ ఏయూ' ఉంటే ఆస్ట్రేలియాకు గుర్తు. 'డాట్ కామ్' మాత్రం ఏ దేశానిదో చెప్పదు.

ఆ పేజీలో ఉన్నది అబద్ధం కాదు. అక్కడి పాములు కరిస్తే కాలంతా బిగువుగా బ్యాండేజీ చుట్టమంటారు. మన పొలాల్లో తిరిగే రక్తపింజర కాటుకు అలా చుడితే, కాటు పడ్డ చోట కండ మరింత దెబ్బతినవచ్చు. ఇక్కడ కట్లు కట్టకూడదు. కరిచిన కాలిని కదలనివ్వకుండా, 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

కాబట్టి వెతికేటప్పుడు 'ఇండియా' అన్న మాట చేర్చండి. పేజీ తెరవగానే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఏ దేశంవారి కోసం రాశారు? మూడో ప్రశ్నను మాత్రం మరవకండి.