ఆర్.సి. మీద ఎవరి పేరు?

(పిడుగురాళ్లలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కారు కొనటం గురించి మహిళా సంఘంలో ఉపన్యాసం ఏమిటని మీలో కొంతమందికి అనిపించవచ్చు. భూమి హక్కు గురించి మాట్లాడుకున్నాం, కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నాం, కట్నం చావుల గురించి మాట్లాడుకున్నాం. కారు డబ్బున్న వాళ్ళ వ్యవహారం కదా అనుకుంటాం. కానీ ఇప్పుడు మన ఇళ్ళలో ఇల్లు, పొలం తర్వాత ఎక్కువ డబ్బు పెట్టి కొనేది బండినే. అద్దెకు తిప్పుకుందామని పాత కారు కొంటున్నారు, మిరపకాయలు వేసుకుపోవటానికి ట్రాలీ ఆటో కొంటున్నారు. ఆ డబ్బు ఎక్కడిది? చాలా ఇళ్ళలో ఆడమనిషి మెడలోది, లేకపోతే ఆమె పేరున సంఘంలో తీసుకున్న అప్పు. బండి కాగితం మీద మాత్రం ఆమె పేరు ఉండదు. బేరం ఆడిన చోట ఆమె ఉండదు. ఇది హక్కుల విషయం కాకపోతే మరేది హక్కుల విషయం?

ముందు మా అనుభవం చెబుతాను. ఊళ్ళు తిరగటానికి పాత కారు ఒకటి కొందామని మా సంఘం తరఫున ముగ్గురం ఆడవాళ్ళం ఒక ఆటో కన్సల్టెన్సీకి వెళ్ళాం. వెంట డ్రైవరు కుర్రవాడు ఉన్నాడు. కొట్టు యజమాని మొదటి మాట, "సార్ రాలేదా అమ్మా?" ఏ సారూ లేడు, కొనేది మేమే అన్నాం. అయినా ఆయన ఇంజను గురించి చెప్పిందంతా ఆ కుర్రవాడికే చెప్పాడు. మాకు సీటు కవర్లు చూపించాడు. ధర 2 లక్షల 90 వేలు, ఒక్క రూపాయి తగ్గదన్నాడు. ఆలోచించుకుంటామని వచ్చేశాం. రెండు రోజుల తర్వాత మాలో ఒకామె తమ్ముడు వెళ్ళి అదే కారు అడిగాడు. అతనికి చెప్పింది 2 లక్షల 55 వేలు. బేరం ఇంకా మొదలు కాకముందే 35 వేల తేడా! ఆ 35 వేలు కారు ధర కాదు, మేం ఆడవాళ్ళమైనందుకు వేసిన సుంకం.

ఆ ఒక్క కొట్టులో జరిగిన సంగతేలే అని నేనూ అనుకునేదాన్నే. కానీ అమెరికాలో ఇయాన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు దీన్ని లెక్కకట్టి చూపించాడు. షికాగో ప్రాంతంలో కొత్త కార్ల షోరూములకు తెల్ల మగవాళ్ళనూ, తెల్ల ఆడవాళ్ళనూ, నల్లజాతి మగవాళ్ళనూ, ఆడవాళ్ళనూ పంపాడు. అందరికీ ఒకే రకం చదువు, ఒకే రకం బట్టలు, బేరంలో ఆడవలసిన మాటలు కూడా ఒకటే. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. చివరి ధరలో డీలరు వేసుకున్న లాభం తెల్ల మగవాళ్ళ మీద కంటే తెల్ల ఆడవాళ్ళ మీద 40 శాతం ఎక్కువ. నల్లజాతి ఆడవాళ్ళ మీద మూడు రెట్లకు పైగా. అక్కడ స్త్రీ అన్నదానికి రంగు తోడైంది. ఇక్కడ కులం తోడవుతుంది. సున్నపు బట్టీలో పనిచేసే దళిత స్త్రీ ఒక్కతే వెళ్ళి బండి ధర అడిగితే ఏం జవాబు వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? పాత బండి గురించి అమ్మేవాడికి అన్నీ తెలుసు, కొనేవాళ్ళకు ఏమీ తెలియదు. దీని మీదే 1970లో వ్యాసం రాసిన జార్జి అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్తకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వ్యాసంలో ప్రధానమైన ఉదాహరణ పాత కార్ల బజారే. తెలిసినవాడికీ తెలియనివాళ్ళకీ మధ్య ఉన్న ఆ దూరమే అమ్మేవాడి బలం. మనల్ని తరతరాలుగా బజారుకు, బేరానికి, కాగితాలకు దూరంగా ఉంచారు కనుక ఆ దూరం మనకు రెండింతలు. అంటే ఇది మన తెలివితక్కువతనం కాదు. తెలుసుకోనివ్వకపోవటం వల్ల వచ్చింది. తెలుసుకుంటే పోతుంది.

అందుకని ధర ఎలా తయారవుతుందో చూద్దాం. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని సామెత. కన్సల్టెన్సీ వాడు ఎవరి దగ్గరో బండి తీసుకుంటాడు, రంగు వేయిస్తాడు, తన లాభం కలుపుతాడు. బండిని అప్పు మీద ఇప్పిస్తే ఫైనాన్స్ కంపెనీ నుంచి కూడా ఆయనకు కమీషన్ రావచ్చు. "డబ్బు మొత్తం ఇస్తామంటే మొహం మాడ్చుకున్నాడు, కంతుల మీద అంటే కాఫీ తెప్పించాడు" అని ఒక చెల్లెలు చెప్పింది. కారణం అక్కడుంది.

న్యాయమైన ధర తెలుసుకోవటానికి ఒక ఆధారం బండి ఇన్సూరెన్స్ కాగితంలోనే ఉంది. ఐ.డి.వి. అని రాసి ఉంటుంది. అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ బండికి కట్టిన విలువ. కొత్త బండి ధరలో మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం తగ్గిస్తారు. ఆ తర్వాత మాట్లాడుకుని కట్టుకునే విలువే. బజారు ధర అచ్చంగా ఇదే ఉండాలని లేదు. కానీ నాలుగేళ్ళ బండికి కొత్తదానితో సమానంగా ధర చెబితే, ఈ కాగితం చూపించి ఎందుకని అడగవచ్చు. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. కొత్తది చవకైతే పాతదీ దిగాలి. అంతకుముందు కొత్త బండికి ఉన్న ధరతో పోల్చి లెక్క చెబితే ఒప్పుకోవద్దు.

పన్ను పేరుతో చేసే మోసం కూడా ఉంది. 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ పాత బండ్ల వ్యాపారుల మీద పన్ను 18 శాతమని నిర్ణయించింది. అది బండి మొత్తం ధర మీద కాదు, వ్యాపారి కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద. 2 లక్షలకు కొని రెండున్నర లక్షలకు అమ్మితే తేడా 50 వేలు, పన్ను 9 వేలు. రెండున్నర లక్షల మీద 18 శాతం అని 45 వేలు అడిగితే అది పన్ను కాదు, దోపిడీ. మామూలు మనిషి తన సొంత కారును ఇంకొకరికి అమ్ముకుంటే ఈ పన్నే లేదు.

ఇక బండి సంగతి. సున్నం కొట్టిన గోడలో పగులు కనపడదని పిడుగురాళ్ల ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? కొత్త రంగు వేసిన కారూ అంతే. మీటరు వెనక్కి తిప్పటం వాళ్ళకు పెద్ద పని కాదు. తెలిసిన మెకానిక్కుకు నాలుగు డబ్బులిచ్చి చూపించండి. ఆ మెకానిక్కు కొట్టువాడు చూపించినవాడు కాకూడదు. ఎం-పరివాహన్ ఆప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పటిదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది. పదిహేనేళ్ళు దగ్గరపడిన కారు చవకగా వస్తుందని ఆశపడకండి. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2022లో 600 నుంచి 5 వేల రూపాయలకు పెంచారు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో 10 వేలు చేశారు.

మనకు ఇంకో సంగతి కూడా ఉంది. అద్దంకి నార్కెట్‌పల్లి రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది. వాడపల్లి వంతెన దాటితే తెలంగాణ. హైదరాబాదు కార్లు చవక అని తెస్తుంటారు. తెలంగాణ నంబరు బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచుకుంటే, అక్కడి నుంచి ఎన్.ఓ.సి. తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, ఆంధ్ర నంబరు వేయించుకోవాలి. ఆ ఖర్చు కలుపుకుంటే చవక ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

కంతుల గురించి ఒక్క లెక్క చెబుతాను, రాసుకోండి. 3 లక్షల అప్పు, "నూటికి రూపాయి వడ్డీయే అమ్మా" అంటాడు. మూడేళ్ళకు వడ్డీ 1 లక్షా 8 వేలు. నెలకు 11,333 రూపాయలు. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారు, వడ్డీ మాత్రం తీరిపోయిన అసలు మీద కూడా వేస్తున్నాడు. సరిగ్గా లెక్క కడితే అది సంవత్సరానికి 12 శాతం కాదు, 21 శాతం పైన. బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా, అన్ని ఖర్చులూ కలిపిన అసలు వడ్డీ రేటును మీకు అర్థమయ్యే భాషలో ముందే ఒక కాగితం మీద రాసివ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త అప్పులకు ఇది వర్తిస్తుంది. ఆ కాగితం అడగండి. ఖాళీ ఫారాల మీద సంతకం మాత్రం పెట్టవద్దు. రెండు కంతులు తప్పాయని మనుషులు వచ్చి బండి లాక్కెళ్ళటం మనకు తెలుసు. ప్రకాష్ కౌర్ అనే స్త్రీ కేసులో 2007లో సుప్రీం కోర్టు, వసూళ్ళకు కండబలం వాడకూడదు, చట్టబద్ధంగానే స్వాధీనం చేసుకోవాలి అని చెప్పింది. ఆ తీర్పు మీ నోటికి వస్తే వచ్చినవాడి గొంతు కొంచెం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం. కాగితం మీద పేరు.

మన రాష్ట్రంలో 1985లోనే ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ చట్టం సవరించారు. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఆ హక్కు కోసం ఇంత పోరాడిన మనం, చేతి గాజులు అమ్మి కొన్న బండిని మాత్రం నోరెత్తకుండా ఇంకొకరి పేరున రాయిస్తున్నాం. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని, భర్త దగ్గర ఉన్నా అది ఆమె ఆస్తేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఉంది. కానీ బంగారం బండిగా మారాక, అది ఆమె డబ్బేనని ఎలా రుజువు చేస్తాం? నగలు అమ్మిన రసీదు ఉండదు, డబ్బు చేతికిచ్చి ఉంటాం. అందుకే బంగారం అమ్మితే బిల్లు దాచండి. డబ్బు మీ బ్యాంకు ఖాతాలో వేసి అక్కడి నుంచే చెల్లించండి. ఆర్.సి. మీ పేరున రాయించుకోండి. అది ఒక్కటే తిరుగులేని రుజువు కాదని లాయర్లు అంటారు. కానీ పోలీసు స్టేషనులోనూ ఫైనాన్స్ ఆఫీసులోనూ ముందు అడిగేది అదే.

పెళ్ళిలో కారు ఇవ్వటం కూడా మన దగ్గర ఎక్కువైంది. కట్నం తీసుకోవటమే నేరం. అయినా ఇచ్చింది ఏదైనా మూడు నెలల్లో అమ్మాయికి బదిలీ చెయ్యాలని 1961 వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షనే చెబుతోంది. అల్లుడి పేరున రిజిస్టరైన ఏ కారు ఇలా అమ్మాయి పేరుకు మారింది?

పేరుతో బాధ్యత కూడా వస్తుంది, అది దాచను. బండి అమ్మేశాక పేరు మార్పించకపోతే, ఆ బండి ప్రమాదం చేస్తే నష్టపరిహారం కాగితం మీద పేరున్నవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీం కోర్టు అదే చెప్పింది. ఆ కారు చేతులు మారుతూ ఎంతో దూరం పోయింది, కానీ ఆర్.సి. మాత్రం మొదటివాడి పేరునే ఉంది. కాబట్టి భర్త మీ పేరున ఉన్న బండి అమ్మేస్తున్నానంటే ఫారం 29, 30 మీద గుడ్డిగా సంతకం పెట్టకండి. రాష్ట్రం లోపలైతే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. పాత ఫైనాన్స్ తీరి ఉంటే ఫారం 35 తీసుకోండి. బండిని కన్సల్టెన్సీకి అప్పగిస్తే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆ డీలరుకు రవాణా శాఖ అనుమతి ఉండాలి. బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలిపితే, అప్పటి నుంచి బాధ్యత డీలరుది.

బండి భర్త పేరునే ఉన్న అక్కలు కూడా ఒక పని చేయవచ్చు. 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలుంది. రేపు ఏదైనా జరిగితే, ఏడుస్తున్న మనిషి చేత మరిది వచ్చి కాగితాల మీద వేలిముద్ర వేయించుకోకుండా అది కొంత కాపాడుతుంది.

మోసం జరిగితే ఏం చెయ్యాలి? అమ్మింది వ్యాపారి అయితే వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ళ లోపు వెయ్యాలి. మీరు ఉండే జిల్లాలోనే వెయ్యవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు చెప్పవచ్చు. లాయరు ఖర్చు గురించి భయపడవద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. దాని నంబరు 15100.

చివరిగా ఒక మాట. సంఘంలో అప్పు ఇచ్చేటప్పుడు "కంతు కడతావా?" అని అడుగుతాం. ఇక నుంచి "బండి ఎవరి పేరున?" అని కూడా అడుగుదాం. బేరానికి ఒక్కరు వెళ్ళవద్దు, ముగ్గురు వెళ్ళండి. ముందు ధర రాసిమ్మనండి. తర్వాత ఇంకొకరి చేత అడిగించండి. తేడా వస్తే రెండు కాగితాలూ పట్టుకుని అదే కొట్టుకు తిరిగి వెళ్ళండి. మేం అలాగే వెళ్ళాం. ఆయన 2 లక్షల 48 వేలకు ఇచ్చాడు. ఈసారి ఇంజను గురించి మాకే చెప్పాడు.

ఆ కారు బయట నిలబడి ఉంది. దుమ్ము పట్టి తెల్లగా ఉంది కానీ, ఆర్.సి. మా సంఘం పేరునే ఉంది. వెళ్ళేటప్పుడు చూడండి.