భూగర్భ సంపదయు పరిశోధనయు
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



భద్రాచలయాత్ర చేసినవారు ఈ సభలో పలువురు గలరు. వారిలో గుండాల యొద్ద గోదావరి యొడ్డున స్నానమాడినవారును కొందరుందురు. అచ్చట ఇసుక త్రవ్విన వేడినీరు ఊరును. ప్రక్కనే చల్లని ఏరు పారుచుండగా ఈ వేడి యెచ్చటిదని అడిగినవారికి పెద్దలు పురాణకథ చెప్పుదురు. ఆ కథతో మాకు తగవు లేదు. ఆ త్రోవను గూర్చియే మరియొక జనశ్రుతి గలదు. ఇల్లెందు ప్రాంతమున యాత్రికులు నల్లరాళ్లు మూడు చేర్చి పొయ్యి పెట్టుకొనగా, కట్టెలతోపాటు రాళ్లును మండినవట. 1871వ సంవత్సరమున భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగు ఆ ప్రాంతమున బొగ్గు నిక్షేపమును గుర్తించెను. 1889లో గని త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి యను చిన్న గ్రామము పేరు దేశమంతట వినబడెను.

రాయి మండుట యాత్రికుడు చూచెను. ఆ రాతిపొర యెంత మందము గలది, యెంత లోతునకు వాలి పోయినది, దాని పైకప్పు నిలుచునా కూలునా అని కొలిచినవాడు పరిశోధకుడు. నేడు మేము చెప్పబూనినది ఈ కొలుచువానిని గూర్చియే. బొగ్గు త్రవ్వువానిని దేశమెరుగును. చమురు తోడువానిని దేశమెరుగును. కొలుచువానిని మాత్రము ప్రమాదము జరిగిన పిమ్మటనే పిలుచుట మనకు అలవాటైనది.

గోదావరి లోయ కేవలము ఏరు కోసిన లోయ కాదు. ఒకప్పుడు భూమి రెండు బారుల పగిలి, నడిమి నేల క్రుంగెను. ఆ పల్లములో కోట్ల సంవత్సరములు ఇసుకయు బురదయు చెట్లశేషములును చేరి గట్టిపడినవి. ఆ చెట్లే నేటి బొగ్గు. ఆ పగుళ్ల వెంటనే వాననీరు లోతునకు దిగి, కాగి, మరల పైకి వచ్చుచున్నది. లోనికి పోయిన కొలది కిలోమీటరునకు సుమారు 25 మొదలు 30 డిగ్రీల వరకు వేడి హెచ్చుట భూమికి సామాన్యధర్మము. కావున వేడినీటికి అగ్నిపర్వతమే ఉండనక్కరలేదు; నీరు దిగుటకు త్రోవ యుండిన చాలును. బొగ్గును వేడినీటిబుగ్గయు ఒకే పగులు కన్న బిడ్డలు.

మణుగూరు ప్రాంతమున ఈ సంగతి విచిత్రముగ బయటపడినది. బొగ్గు కొరకు బోరులు వేయుచుండగా కొన్నింట వేడినీరు తనంతట పైకి ఉబికెను. బొగ్గు వెదకువానికి అది ఆటంకము. అయినను ఆ బోరుల లెక్కలను పారవేయక పదిలపరచిన వారుండిరి. హైదరాబాదున 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును, భూగర్భ సర్వే వారును దేశపు ఉష్ణగుండములను పరీక్షించి పట్టికలు కూర్చిరి. తుదకు 2022వ సంవత్సరమున మణుగూరు చెంత పగిడేరు గ్రామమున వేడినీటితో విద్యుత్తు పుట్టించు 20 కిలోవాట్ల చిన్న యంత్రమును సింగరేణి సంస్థ నడిపి చూపెను.

ఆ నీటి వేడి ఆవిరియంత్రము త్రిప్పుటకు చాలదు. అందుచే ఆ నీటితో మరియొక ద్రవమును కాచుదురు. అది కొద్దిపాటి వేడికే మరుగునట్టిది. దాని ఆవిరి చక్రమును త్రిప్పి, చల్లబడి, ద్రవమై, మరల కాగుటకు వచ్చును. చక్రము చుట్టు తిరుగునది ఆ ద్రవమే గాని బోరునీరు కాదు. 20 కిలోవాట్లనగా అయిదు హార్సుపవరు మోటార్లు అయిదు నడుపుటకు సరిపోవునేమో! నవ్వువారు నవ్వవచ్చును. ఇటలీ దేశమున లార్దెరెల్లో యందు 1904లో భూగర్భపు ఆవిరితో తొలుత వెలిగించినవి అయిదే దీపములు. మాకు ఆ యంత్రపు పరిమాణముకంటె దాని పుట్టుక ముఖ్యము. బొగ్గు కొరకు వేసిన బోరు వేరొక సంపదను చూపినది. చూపినదానిని వ్రాసిపెట్టుకొన్నందున అది దక్కినది.

ఐతే భూగర్భోష్ణము తరగని నిధియని యెవరైన చెప్పిన నమ్మరాదు. అమెరికాలో కాలిఫోర్నియాయందు గీజర్సు అను స్థలమున 1960 మొదలు ఆవిరితో విద్యుత్తు తీసిరి. లాభము కనబడగానే బోరుమీద బోరు వేసిరి. 1980 తరువాతి దశకము ముగియునప్పటికి ఆవిరి యొత్తిడి పడిపోయెను. అడుగున వేడి తరుగలేదు, ఆ వేడిని పైకి మోయు నీరు తరిగెను. ఆ సంగతి తేల్చినది పరిశోధనయే. ఉపాయము చూపినదియు అదియే. 1997 మొదలు చుట్టుపట్ల ఊళ్ల మురుగునీటిని, 2003 మొదలు శాంటా రోజా పట్టణపు మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టములలో కొండమీదికి పంపి, భూమిలోనికి దింపుచున్నారు. తీసికొన్నదానిని తిరిగి పోయుట అనునది మన చెరువుల క్రింది రైతునకు క్రొత్త పాఠము కాదు.

ఇక చమురు సంగతి. కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి పేరు మీరు విన్నదే. ఒకేచోట అంత పెద్ద నిక్షేపము లోకమున అరుదు. ఈ రాయి నీటికంటె నాలుగున్నర రెట్లు బరువు. దీనిని పొడిచేసి బురదనీట కలిపి చమురుబావిలోనికి పంపుదురు. ఆ బురద బరువే అడుగునుండి తన్నుకొని వచ్చు వాయువును అణచి యుంచును. బురద పలుచనైన వాయువు పైకి లంఘించును. మితిమీరి చిక్కనైన రాయి పగిలి బురదయే లోనికి పారిపోవును. ఈ రెంటి నడుమ సందు మిక్కిలి ఇరుకైనది. ఆ సందు ఎచ్చట నున్నదో ముందుగా తెలుపునది భూగర్భపు ఒత్తిడుల లెక్క.

ఆ యొత్తిడి పట్టు తప్పిన ఫలితము కోనసీమవారికి మేము చెప్పవలసిన పని లేదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో బావి పేలి మండి, ఆ మంట ఆరుటకు రెండు నెలలకు పైగా పట్టెను. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయవలసివచ్చెను. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున వాయువు గొట్టము పగిలి అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. తడిగల వాయువు ఇనుప గొట్టమును లోలోపల తినివేయునను సంగతి ఆనాటికి క్రొత్తగ కనిపెట్టవలసినది కాదు, గ్రంథములలో నున్నదే. తెలిసిన శాస్త్రము గొట్టము దగ్గరకు నడచి రాలేదు.

కోనసీమలో నేల క్రుంగుచున్నదను భయము బహుకాలముగ నున్నది. డెల్టా మన్ను తనంతట అణగును. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపుట చేత క్రొత్త మన్ను తక్కువ చేరును. వాయువు తీయుటచేతను పొరలు కుదించుకొనవచ్చును. ఈ మూటిలో దేని పాలు ఎంతయని కేకలతో తేలదు. రైతు మాటను వెర్రి యనుట తగదు, కంపెనీ మాటను వేదమనుటయు తగదు. స్థిరమైన గుర్తురాళ్లు నాటి, వాని యెత్తును ఏటేట కొలువవలెను. నేడు ఉపగ్రహములు ఆకసమునుండియే మిల్లీమీటర్ల క్రుంగుబాటును చూపగలవు.

కొలతలు ఆలస్యమైన ఫలమెట్టిదో హాలండు దేశము చూచినది. గ్రోనింగెన్ ప్రాంతమున 1959లో గొప్ప వాయునిక్షేపము దొరికినది. దేశమంతటికి పొయ్యి వెలిగినది. పిదప నేల అదరసాగెను. వాయువుతో దీనికి సంబంధము లేదని కొన్నాళ్లు వాదించిరి, 1993లో ఒప్పుకొనిరి. 2012లో 3.6 పరిమాణపు భూకంపము వచ్చి ఇండ్లు బీటలువారిన పిమ్మటగాని మేలుకొనలేదు. ఇన్నాళ్లును అచ్చటి ప్రజల క్షేమమును ఎవరును లెక్కలోనికి తీసికొనలేదని 2015లో విచారణసంఘమే తేల్చెను. 2023లో త్రవ్వకమాగెను. పరిశోధకులకు కొరతలేని దేశమది! కొరత యెచ్చటనో మీరే యోచింపుడు.

బొగ్గుగనులలో ఈ విషయము మరింత సమీపమున నున్నది. బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపుట చిరకాలపు ఆచారము. నింపనిచో పైనున్న పొలము క్రుంగును, బావి ఎండును. కాని ఆ యిసుక నదిది. గనిని నిలుపుటకు నదిని త్రవ్వుట యెంతకాలము? ఓపెన్‌కాస్టు గనుల మట్టిదిబ్బలను కడిగి ఇసుక తీయుట, విద్యుత్కేంద్రముల బూడిదను వాడుట మొదలగు మార్గములు వెదకబడినవి. మట్టికొండలు చుట్టుముట్టిన ఊళ్లవారికి ఇది చిన్న మాట కాదు.

మేము గనులు మూయుమనువారము కాము. బొగ్గు లేనిదే ఈ దీపము వెలుగని దినములింకను తీరలేదు. మేము కోరునది స్వల్పము. త్రవ్వకమునకు ముందు ఊరినేల యెత్తు, బావుల నీటిమట్టము కొలిచి వ్రాయవలెను. త్రవ్వుచుండగా ఏటేట వ్రాయవలెను. మూసిన తరువాతను కొంతకాలము వ్రాయవలెను. గనుల ప్రభావమునకు లోనగు ప్రజల కొరకు 2015 నాటి చట్టసవరణచే జిల్లా ఖనిజనిధులు ఏర్పడినవి. గని ఊళ్లలోనైనను అందొక పాలు ఈ కొలతలకు వినియోగించిన, దారిదీపముల పద్దుకంటె హీనము కాదు. భూగర్భ సమాచారమును కేంద్రప్రభుత్వము 2023లో అందరి కొరకు ఒకచోట చేర్చినది, మంచిదే. అది నిపుణుల కందునదేగాని, తన యింటిగోడ బీటకు కారణము వెదకు రైతున కందునది కాదు. అతనికి కావలసినది తన ఊరి పేరుతో, తెలుగున, అంకెలతో వ్రాసిన ఒక్క కాగితము.

ఈ మందిరపు గోడమీద ఏటేటి వర్షపాతపు పట్టిక వ్రేలాడుచున్నది. దాని ప్రక్కన ఇంకొక పట్టికకు చోటున్నది.