పని ఇవ్వడం దయ కాదు, బాధ్యత
(ఇటిక్యాలలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన గద్వాల ప్రాంతంలో ఆడవాళ్ల పని అంటే ముందు గుర్తొచ్చేది సీడుపత్తి చేను. క్రాసింగు పనికి వేళ్లు ఆడాలి, చూపు ఆనాలి. చూపు తగ్గిన మనిషిని, చెయ్యి వంకర ఉన్న మనిషిని 'నీవల్ల కాదు, పో' అనడం మామూలైపోయింది. ఆఫీసుల్లో ఇదే మాటను 'అన్‌ఫిట్' అంటారు. ఆ మాట అనేముందు యజమాని చెయ్యాల్సింది ఏమిటో చట్టంలో ఉంది. అది మనం తెలుసుకోవాలి.

1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. రిజర్వేషన్ కనీసం 4 శాతం అయింది. దీనికి 40 శాతం వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ కావాలి. అయితే చట్టంలో అసలు బలం ఇంకోచోట ఉంది. మనిషికి తగినట్టు పనిస్థలాన్ని, పని పద్ధతిని మార్చాలి. యజమానికి మొయ్యలేని భారం కానంతవరకు ఆ మార్పు చెయ్యకపోవడం కూడా వివక్షే. మెట్లెక్కలేని ఉద్యోగికి కింది అంతస్తులో సీటు ఇవ్వడం ఇలాంటిదే.

దరఖాస్తు పెట్టేవాళ్లకూ ఈ హక్కు ఉంది. చెయ్యి వణికి రాయలేని ఒక అభ్యర్థికి 40 శాతం లేదని పరీక్షలో లేఖకుణ్ణి ఇవ్వకపోతే, అది తప్పని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి.

మన ఆర్టీసీ సంగతే చూడండి. రంగులు గుర్తించలేడని ఒక డ్రైవరును 2016 జనవరిలో ఇంటికి పంపారు. వేరే పని అడిగినా ఇవ్వలేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అదే జీతం గ్రేడులో తగిన పని ఇమ్మని, బకాయిల్లో 25 శాతం చెల్లించమని ఆదేశించింది. అతనికి ఆసరా అయింది 1979లో కార్మిక సంఘాలు యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందం. సంఘం రాయించుకున్న కాగితం అన్నేళ్ల తర్వాత ఒక కార్మికుణ్ణి నిలబెట్టింది.

మరి చేలో కూలికిపోయే మన సంగతి? రిజర్వేషన్ ప్రభుత్వానికే. ప్రైవేటు కంపెనీ, ఫ్యాక్టరీ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, రిజిస్టర్లు ఉంచాలి. కానీ మనకు నియామక పత్రం లేదు, హాజరు పుస్తకం లేదు. రైతుకూ విత్తన కంపెనీకీ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. అందుకే వికలాంగురాలైన కూలీకి చట్టం అందడం లేదు. దీన్ని మార్చమని మనం గట్టిగా అడగాలి.

అప్పటిదాకా చెయ్యాల్సినవి ఉన్నాయి. ఏ మార్పు కావాలో రాతపూర్వకంగా అడగండి, నకలు దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల అధికారి రెండు వారాల్లో విచారణ చేపట్టాలి. అక్కడ న్యాయం జరగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. రాష్ట్ర కమిషనర్‌కూ ఫిర్యాదు చెయ్యవచ్చు. స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఒక్కరే వెళ్తే బతిమాలుకున్నట్టు చూస్తారు. పదిమంది కలిసి వెళ్దాం.