సంక్షేమం ఎవరి ఖాతాలో?

ఎవరికీ నష్టం లేకుండా ఒక్కరికైనా మేలు జరిగితే ఆ మార్పు మంచిదేనని పారెటో సూత్రం. 2018 మేలో మొదలైన రైతుబంధు ఆ పరీక్షలో తేలిగ్గా నెగ్గుతుంది. పంటకు ఎకరానికి 4,000 ఇచ్చారు, ఎవరి దగ్గరా లాక్కోలేదు కదా! (ఖజానా ఎవరిదన్న మాట పక్కన పెడదాం.) కానీ డబ్బు పట్టా ఉన్నవారికే చేరింది. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పొలాల్లో పదెకరాల ఆసామికి 40,000; కౌలుకు చేసే స్త్రీకి, నాట్లేసే కూలికి సున్నా. ఈ తేడా పారెటోకు కనపడదు.

1939లో కాల్డార్ ఇంకో మాటన్నాడు: లాభపడినవారు నష్టపోయినవారికి పరిహారం ఇవ్వగలిగితే చాలు, నిజంగా ఇవ్వనక్కర్లేదట! వరికోత మిషన్లొచ్చి ఆడవాళ్ల కోత కూలి పోయింది. ఆసామికి ఖర్చు మిగిలింది. అందులోంచి వాళ్లకు ఎవరిచ్చారు?

పైగా ఈ లెక్కల్లో కుటుంబమంతా ఒకే మనిషి. మగవాడి చేతికొచ్చింది ఇల్లు చేరుతుందా అన్నది 1992లో సారాపై తిరగబడ్డ నెల్లూరు స్త్రీలకు తెలుసు.

2025 జనవరిలో భూమిలేని ఉపాధి కూలీల కుటుంబాలకు ఏడాదికి 12,000 పథకం మొదలైంది. ఎంతమందికి అందిందో అధికారులే చెబుతారు. ఎవరి ఖాతాలో పడిందో మీ మండలాల్లో మీరు అడగండి.